ఉచిత కరెంటు – నీటి లెక్క

పిల్లలూ, ఒక చిన్న లెక్కతో మొదలు పెడదాం. ఒక రైతు బోరుబావికి 5 అశ్వశక్తుల మోటారు బిగించాడనుకోండి. ఒక అశ్వశక్తి అంటే 746 వాట్లని మీరు చదువుకున్నారు గదా! అయిదింటికీ 3,730 వాట్లు. రోజుకు 8 గంటలు తిరిగితే దాదాపు 30 యూనిట్లు. ఏడాదిలో 200 రోజులు తిరిగితే 6,000 యూనిట్లు. ఒక్కో యూనిట్ తయారుచేసి పొలం దాకా చేర్చడానికి 6 రూపాయలవుతుందనుకుంటే, మొత్తం 36,000 రూపాయలు.

ఇందులో రైతు చెల్లించేది ఎంత? ఏమీ లేదు. 1980ల మొదట్లో మన రాష్ట్రంలో పంపుసెట్లకు యూనిట్ల లెక్క పోయి, అశ్వశక్తికి ఇంత అని ఏడాదికి ఒక మొత్తం కట్టే పద్ధతి వచ్చింది. 2004లో ఆ మొత్తమూ పోయి, వ్యవసాయానికి కరెంటు ఉచితమైంది. 2014లో రాష్ట్రం రెండైన తర్వాత కూడా ఈ పథకం రెండు చోట్లా కొనసాగింది.

మరి ఆ 36,000 ఎవరిస్తున్నారు? కొంత ప్రభుత్వం విద్యుత్ పంపిణీ సంస్థలకు చెల్లిస్తుంది. దీన్నే సబ్సిడీ అంటారు. మీ ఇంట్లో సబ్బు కొన్నప్పుడు కట్టిన పన్ను కూడా అందులో ఉంది! ఇంకొంత, ఫ్యాక్టరీలూ దుకాణాలూ యూనిట్‌కు ఎక్కువ ధర ఇవ్వడం వల్ల సర్దుబాటవుతుంది.

అయితే రైతుకు సాయం చేయడం తప్పా? అలా అనుకోకండి. కాలువ కింది రైతుకు ప్రభుత్వం కట్టిన ఆనకట్ట నుంచి నీరు తనంతట తానే పల్లానికి పారి వస్తుంది. మెట్ట రైతు అప్పు చేసి బోరు వేయించుకుంటాడు. నీరు పడకపోతే ఆ అప్పు అతనిదే. అతనికి చేయూత ఇవ్వడం న్యాయమేనని నా అభిప్రాయం. చిక్కు సాయంలో లేదు, ఆ సాయం చేసే తీరులో ఉంది.

ఎలాగో చూడండి. వెయ్యి లీటర్ల నీటి ద్రవ్యరాశి 1,000 కిలోగ్రాములు. దాన్ని 30 మీటర్లు పైకెత్తడానికి కావలసిన పని 1,000 × 9.8 × 30, అంటే 2,94,000 జౌళ్ళు. నీటిమట్టం 150 మీటర్లకు దిగిపోతే? అదే నీటికి సరిగ్గా అయిదు రెట్లు! బిల్లు ఉన్నట్లయితే అదీ అయిదు రెట్లు పెరిగి, “నీరు అడుగంటుతోంది సుమా” అని ఏడాదేడాదీ హెచ్చరించేది. బిల్లు సున్నా అయినప్పుడు ఆ హెచ్చరిక రైతు చెవిన పడదు. కరెంటు ఏ వేళ వస్తుందో తెలియని రోజుల్లో చాలామంది ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు తనే తిరుగుతుంది, మడి నిండినా తిరుగుతూనే ఉంటుంది. రాయలసీమలోనూ తెలంగాణలోనూ నేల అడుగున ఎక్కువగా ఉన్నది గట్టి రాయి. ఆ రాతి పగుళ్ళలో నిలిచే నీరు కొద్దిపాటిది, అదీ వాన ఇంకితేనే.

“సార్, సూర్యుడితో మోటారు నడిపితే సరిపోదా?” అని మా తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్నే. కేంద్ర ప్రభుత్వం 2019లో పీఎం-కుసుమ్ పథకం ప్రారంభించింది. సౌర పంపు ధరలో 30 శాతం కేంద్రం, 30 శాతం రాష్ట్రం భరిస్తే మిగతాది రైతు పెట్టుకోవాలి. అందులోనూ చాలా భాగానికి బ్యాంకు అప్పు దొరికే ఏర్పాటు ఉంది. బొగ్గు మండించనక్కరలేదు, పొగ లేదు, రాత్రిపూట పొలానికి పరుగెత్తే పని లేదు. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. పలకలు బిగించాక సూర్యుడు బిల్లు పంపుతాడా? పంపడు. అంటే ఇదీ ఉచిత కరెంటే! బొగ్గు మిగిలింది గాని, నీరు మిగులుతుందన్న హామీ లేదు. పైగా పైరుకు నీరు అక్కరలేని రోజుల్లో పలకలు ఊరికే ఎండకు కాగుతుంటాయి.

గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో ఢూండీ అనే ఊరుంది. అక్కడ ఆరుగురు రైతులు కలిసి సహకార సంఘం పెట్టుకుని, 2016లో తమ సౌర పంపులను విద్యుత్ తీగలకు కలిపారు. అంతకు ముందు వారు వాడినవి డీజిలు ఇంజన్లు. పైరుకు కావలసినంత తోడుకోవడం, మిగిలిన కరెంటును పంపిణీ సంస్థకు అమ్మడం, ఇదీ పద్ధతి. యూనిట్‌కు 4 రూపాయల పైచిలుకు ధర. ఇక మోటారును అనవసరంగా తిప్పితే రైతుకే నష్టం!

మన లెక్కే వేద్దాం. మన ఎండకు ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు 4 యూనిట్లిస్తాయి. 5 కిలోవాట్లకు 20 యూనిట్లు. ఏడాదిలో 150 రోజులు నీరు తోడితే, మిగతా 215 రోజులకు 4,300 యూనిట్లు. యూనిట్‌కు 4 రూపాయలనుకున్నా 17,200 రూపాయలు చేతికొస్తాయి. ఈ డబ్బూ గాలిలోంచి రాదు, పంపిణీ సంస్థే ఇవ్వాలి. కాని ఇది నీరు తోడినందుకు కాక, తోడనందుకు ఇచ్చే డబ్బు. అయితే కరెంటు ధర మరీ తక్కువగా ఉంటే, రైతుకు నీళ్ళు తోడి పొరుగువారికి అమ్ముకోవడమే లాభంగా తోస్తుంది. అందుకే ఆ ధర ఎంతన్నది పెద్ద ప్రశ్న.

మీ ఊరి బోరులో నీటిమట్టం ఎన్ని అడుగుల లోతున ఉందో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. దాన్ని 3.28తో భాగిస్తే మీటర్లు వస్తాయి. వెయ్యి లీటర్లకు ఎన్ని జౌళ్ళో కట్టండి. పదేళ్ళ కిందట ఎంత లోతున ఉండేదో కూడా అడిగి, ఆ లెక్కా పక్కనే రాయండి. మోటారు ఎన్ని అశ్వశక్తులదో కూడా వాళ్ళనే అడగండి. స్టార్టరు పెట్టెను మాత్రం ముట్టుకోకండి.