గాలిమరల సొంతదారులు

స్కాట్లండు ప్రభుత్వము 2011వ సంవత్సరమున రెండు లక్ష్యములను ప్రకటించెను. దేశమున ఏటా ఖర్చగు విద్యుత్తు ఎంతయో, 2020 నాటికి అంతకు సమానమగు విద్యుత్తును గాలి, నీరు మున్నగు తరుగని వనరులనుండి ఉత్పత్తి చేయవలెననునది మొదటిది. అట్టి ఉత్పత్తిలో 500 మెగావాట్ల సామర్థ్యము స్థానికుల సొత్తై యుండవలెననునది రెండవది.

మొదటిదానిని క్లుప్తముగా చెప్పుకొందము. 2020లో నూటికి సుమారు 97 పాళ్లు సాధించిరి. 2022లో నూరు దాటినది. అయినను అక్కడి ప్రతి దీపము గాలితోనే వెలుగుచున్నదని శ్రోతలు భావింపరాదు. ఇది ఏడాది మొత్తముల పోలిక మాత్రమే. గాలి వీచినపుడు మిగులు విద్యుత్తు ఇంగ్లండునకు పోవును. వీవనపుడు అణువిద్యుత్తును, సహజవాయువును ఆశ్రయింతురు.

రెండవ లక్ష్యము ఇంతకంటె ఆలోచింపదగినది. పడమటి సముద్రమున గియా యను చిన్న దీవి కలదు. దానిని 2002లో నివాసులే కొనిరి. పిమ్మట ఒక్కొక్కటి 225 కిలోవాట్లు గల పాత గాలిమరలు మూడింటిని తెచ్చి నిలిపి, నర్తకీమణులని ముద్దుపేరు పెట్టుకొనిరి. విద్యుత్తు అమ్మగా వచ్చిన సొమ్ముతో అప్పు తీర్చుచు, మిగిలినది ఇండ్ల బాగుకు వినియోగించిరి.

ఎగ్ దీవి కథ వేరు. అక్కడ సుమారు నూరుగురు మాత్రమే కాపురముందురు. 2008కి పూర్వము ఇంటింటను డీజిలు యంత్రములే దిక్కు. ఆ యేట నీటిని, గాలిని, ఎండను జతపరచి దీవికంతటికిని తమదైన విద్యుత్తును ఏర్పరచుకొనిరి. ఇంటికి ఒకేసారి 5 కిలోవాట్లు, వ్యాపారమునకు 10, అంతకు మించి వాడరాదు. మించినచో సరఫరా నిలిచిపోవును. మన పల్లెలలో చెరువు నీటికి వంతులు పెట్టుకొన్నట్టిదే ఈ యేర్పాటు.

500 మెగావాట్ల లక్ష్యము 2015లోనే నెరవేరినది. అంతట 2020కి 1000, 2030కి 2000 అని పెంచిరి. కాని 2020 ముగియునాటికి సుమారు 850 మాత్రమే సిద్ధించెను. ఇందు స్థానికులనగా ఎవరు? ఊరి సంఘములేగాక పురపాలకములు, విశ్వవిద్యాలయములు, స్థానిక వ్యాపారులు, రైతులు, పెద్ద భూస్వాములు సైతము ఈ లెక్కలోనివారే. అన్నిటికంటె పెద్ద పాలు రైతులదియు, భూస్వాములదియు. ఊరి సంఘముల పాలు కొద్ది. వేల ఎకరముల ఆసామి గాలిమరయు, ఎగ్ దీవి జలయంత్రమును ఒకే పద్దున చేరుట నాకు ఉచితముగా తోచదు. ఒకదాని రాబడి ఊరిది, రెండవదానిది ఒక కుటుంబముది.

వేగము తగ్గుటకు వేరొక కారణము కలదు. లక్ష్యములు ఎడింబరోలో నిర్ణయమగును. విద్యుత్తు విపణి నియమములు లండనులో. చిన్న ఉత్పత్తిదారులకు స్థిరమైన ధర చెల్లించు పథకమును లండను ప్రభుత్వము 2010లో ఆరంభించి, 2019లో కొత్తవారికి మూసివేసెను. ధరకు హామీ లేనిదే ఊరి సంఘమునకు అప్పు పుట్టుట కష్టము. పెద్ద కంపెనీలకు ఆ చిక్కు అంతగా లేదు. కంపెనీలు తమ గాలిమరల చెంత నున్న ఊళ్లకు మెగావాటుకు ఏటా 5000 పౌండ్లు ఇచ్చుట మంచిదని స్కాట్లండు ప్రభుత్వము 2014లో సూచించెను. అది సూచనయే కాని చట్టము కాదు. ఆ సొమ్ము ముట్టినను గాలిమర కంపెనీదే.