సెల్‌ఫోనులో సొమ్ము: గ్రామస్థులు పాటింపవలసిన జాగ్రత్తలు

నేడు మన గ్రామములలో సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. ఒకప్పుడు దూరపు బంధువుల క్షేమసమాచారము తెలియవలెనన్న ఉత్తరమే దిక్కు. డబ్బు పంపవలెనన్న మనియార్డరే మార్గము. ఇప్పుడు ఆ రెండు పనులును అరచేతిలో ఇమిడెడి పరికరముతో క్షణములలో జరిగిపోవుచున్నవి. 2016 ఏప్రిల్‌లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారు ప్రారంభించిన యు.పి.ఐ. పద్ధతి పట్టణముల నుండి పల్లెలకు ప్రాకినది. 2022 మార్చిలో ఇంటర్నెట్ లేని బొత్తాముల ఫోనులకు సైతము ఈ సౌకర్యము కల్పింపబడినది. ఎరువుల దుకాణములోను, వారపు సంతలోను, టీ కొట్టులోను చదరపు గళ్ల క్యూ.ఆర్. కోడు అట్టలు వ్రేలాడుచుండుట మనము నిత్యము చూచుచున్న విషయమే.

సౌకర్యము పెరిగినకొలది మోసమునకు అవకాశమును పెరిగినది. వెనుకటి దొంగ రాత్రివేళ గోడకు కన్నము వేయవలసి వచ్చెడిది. నేటి దొంగ వందలాది మైళ్ల దూరమున కూర్చుండి, పట్టపగలు, మర్యాదగా పలుకరించి, ధాన్యము అమ్మిన సొమ్మును, ఆడపిల్ల పెండ్లికని దాచిన సొమ్మును, వృద్ధాప్యపు పింఛనును కాజేయుచున్నాడు.

ఇందు ముఖ్యముగా గ్రహింపవలసిన సంగతి ఒకటి కలదు. ఇట్టి మోసములలో పెక్కింటిలో, ఫోను చెడినందువలన గాని, బ్యాంకు లెక్కలు తప్పినందువలన గాని సొమ్ము పోవుట లేదు. మాయమాటలు నమ్మి, భయమునకో ఆశకో లోబడి, ఫోను యజమానియే తాళము తీసి యిచ్చుచున్నాడు. కావున ఆ తాళములు ఏవో ప్రతి గ్రామస్థునకు తెలియవలెను. అంతకన్న ముఖ్యముగా, తాళము తీసిన పిదప మొదటి గంటలో ఏమి చేయవలెనో తెలియవలెను. ఈ రెండు విషయములను పంచాయతీ సభ్యుల ఉపయోగార్థము ఇచ్చట వివరించుచున్నాము.

మొదటి తాళము: పిన్ సంఖ్య

యు.పి.ఐ. వాడుకలో పిన్ అనునది నాలుగు లేక ఆరు అంకెల రహస్యసంఖ్య. ఇది సొమ్ము పంపుటకు, నిల్వ చూచుకొనుటకు అవసరమగును. సొమ్ము పుచ్చుకొనుటకు దీని అవసరము ఏమాత్రము లేదు. ఈ ఒక్క సూత్రము గ్రామములో అందరికిని కంఠస్థము కావలెను.

ఒక రైతు తన పాడిగేదెను అమ్మదలచి ఇంటర్నెట్టులో ప్రకటన చేసెననుకొందము. వెంటనే ఎవరో ఫోను చేసి, బేరమాడకయే ధరకు ఒప్పుకొని, "బయానా పంపుచున్నాను, ఈ క్యూ.ఆర్. కోడును స్కాన్ చేసి పిన్ నొక్కుడు, సొమ్ము మీ ఖాతాలో పడును" అని చెప్పును. రైతు అట్లే చేయును. సొమ్ము రాదు సరికదా, ఖాతాలో ఉన్నది పోవును. ఏలయన క్యూ.ఆర్. కోడును స్కాన్ చేయుట అనగా ఎదుటివారికి చెల్లించుటయే. పిన్ నొక్కుట అనగా చెల్లింపు పత్రముపై సంతకము చేయుటయే.

మోసములను అరికట్టుటకు కార్పొరేషన్ వారు 2025లో రెండు మార్పులు చేసిరి. చెల్లింపునకు ముందు ఫోను తెరపై కనబడు పేరు, పుచ్చుకొనువాని బ్యాంకు ఖాతాలోని అసలు పేరే కావలెనని నిబంధన విధించిరి. కావున పిన్ నొక్కుటకు ముందు ఆ పేరును నిదానముగా చదువుకొనవలెను. ఒక వ్యక్తి మరొక వ్యక్తిని యు.పి.ఐ. ద్వారా సొమ్ము కోరుచు అభ్యర్థన పంపు పద్ధతిని అక్టోబరు 1 నుండి నిలిపివేయించిరి. ఇందువలన ఒక దారి మూతపడినది గాని, క్యూ.ఆర్. కోడు మోసము ఇంకను మిగిలియే యున్నది.

రెండవ తాళము: ఓ.టి.పి.

ఒక్కసారికి మాత్రమే చెల్లుబాటగు సంఖ్య ఓ.టి.పి. ఖాతాలో ఏదేని ముఖ్యమైన పని జరుగునపుడు, ఆ పని చేయుచున్నది యజమానియే అని నిర్ధారించుకొనుటకు బ్యాంకు దీనిని ఫోనునకు పంపును. యజమాని దీనిని పరులకు చెప్పినచో ఆ నిర్ధారణకు అర్థమే యుండదు. బ్యాంకు ఉద్యోగి గాని, ప్రభుత్వోద్యోగి గాని ఫోనులో ఓ.టి.పి. అడుగడు. "మీ ఏ.టి.ఎం. కార్డు ఆగిపోయినది", "మీ ఖాతా వివరములు సరిచేయవలెను", "మీ పింఛను నిలిచిపోవును" అనుచు ఎవరైన అడిగినచో, అడిగినవాడు దొంగయే అని నిశ్చయించుకొనవచ్చును.

బ్యాంకులు ఖాతాదారులకు చేయు సేవాసంబంధమైన పిలుపులకై 1600తో మొదలగు సంఖ్యలు ప్రత్యేకింపబడినవి. మామూలు పది అంకెల నంబరు నుండి "బ్యాంకు మేనేజరును మాట్లాడుచున్నాను" అని వచ్చు పిలుపును నమ్మరాదు. ఏ సంఖ్య నుండి పిలుపు వచ్చినను ఓ.టి.పి. మాత్రము చెప్పరాదు. బ్యాంకు ఫోను నంబరు కావలసివచ్చినపుడు ఇంటర్నెట్టులో వెదుకక, పాసుపుస్తకముపై గాని, కార్డు వెనుక గాని ముద్రించినదానినే వాడవలెను. దొంగలు తమ నంబర్లనే బ్యాంకు సహాయకేంద్రపు నంబర్లుగా ఇంటర్నెట్టులో పెట్టుట కలదు.

మూడవ తాళము: యాప్‌నకు ఇచ్చు అనుమతి

ఇది ఇటీవల ఎక్కువ అనర్థము కలిగించుచున్నది. ప్రధానమంత్రి కిసాన్ పథకము పేరనో, బ్యాంకు పేరనో, వాహనముల జరిమానా చలానా పేరనో, పెండ్లి శుభలేఖ పేరనో వాట్సాప్‌లో ఒక ఫైలు వచ్చును. దాని పేరు చివర ఏ.పి.కె. అను మూడక్షరములు ఉండును. అది ఉత్తరమును గాదు, శుభలేఖయును గాదు. ఫోనులో స్థాపించు యాప్. దానిని తెరచి, అది కోరిన అనుమతులన్నియు ఇచ్చినచో, ఫోనునకు వచ్చు సందేశములను అది రహస్యముగా దొంగకు చేరవేయును. అప్పుడు ఓ.టి.పి.ని ఎవరును అడుగ నక్కరలేదు, అదియే పోవును. తెలిసినవారి నంబరు నుండి వచ్చినను ఇట్టి ఫైలును తెరువరాదు. వారి ఫోను అంతకుముందే దొంగల వశమై యుండవచ్చును.

దూరము నుండి మరొకరి ఫోను తెరను చూడగల యాప్‌లు కొన్ని కలవు. వాని దుర్వినియోగమును గూర్చి 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను హెచ్చరించినది. సహాయము చేసెదనని చెప్పి ఎవరైన ఇట్టి యాప్‌ను పెట్టుకొనుమన్నచో నిరాకరింపవలెను.

పొరపాటున అట్టి ఫైలు తెరచినచో, తక్షణము ఆ ఫోనులో ఇంటర్నెట్ ఆపివేసి, సిమ్ కార్డు బయటకు తీసి, మరొక ఫోను నుండి బ్యాంకునకు తెలియజేయవలెను.

భయపెట్టి దోచుకొనుట

ఈ మూడు తాళములతో నిమిత్తము లేకుండ, కేవలము భయపెట్టి సొమ్ము పంపించుకొను పద్ధతియు ఒకటి బయలుదేరినది. పోలీసు దుస్తులు ధరించినవాడు వీడియోలో కనబడి, "మీ పేరిట వచ్చిన పార్సెలులో మాదకద్రవ్యములు దొరికినవి, మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, ఎవరితోను మాట్లాడరాదు" అని బెదరించి, గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి కెమెరా ముందు కూర్చుండబెట్టును. డిజిటల్ అరెస్టు అనునది మన దేశపు ఏ చట్టములోను లేదు. ఈ సంగతిని 2024 అక్టోబరు 27వ తేదీన ప్రధానమంత్రి రేడియో ప్రసంగములో కూడ విశదపరచిరి. పోలీసులు గాని, న్యాయస్థానము గాని ఫోనులో సొమ్ము అడుగుట యుండదు. అట్టి పిలుపు వచ్చినచో ఫోను పెట్టివేసి, ఇరుగుపొరుగు వారితో చెప్పుటయే సరియైన మందు. "ఎవరితోను చెప్పవద్దు" అను మాటయే మోసమునకు గుర్తు.

మొదటి గంట

ఇంత తెలిసినను ఎవరో ఒకరు మోసపోవుచునే యుందురు. అప్పుడు కాలమే ప్రధానము.

దొంగ కాజేసిన సొమ్ము తిన్నగా వాని చేతిలోనికి పోదు. మొదట పరుల పేరనున్న ఒక ఖాతాలో పడును. అచ్చటి నుండి నిమిషములలో చిన్న చిన్న మొత్తములుగా విడిపోయి మరికొన్ని ఖాతాలకు ప్రాకును. తుదకు ఏ.టి.ఎం. నుండి నోట్ల రూపమున బయటపడును. సొమ్ము ఏదో ఒక ఖాతాలో ఉన్నంతవరకు దానిని పట్టుకొనవచ్చును. నోట్లుగా మారిన పిదప పట్టుకొనుట మిక్కిలి కష్టము.

ఈ కారణముననే కేంద్ర హోంశాఖ వారు 2021లో ఒక ప్రత్యేక ఏర్పాటు చేసిరి. దాని ఫోను సంఖ్య 1930. ఈ సంఖ్యకు ఫిర్యాదు అందగానే వివరములు సొమ్ము పోయిన బ్యాంకునకు, సొమ్ము చేరిన బ్యాంకునకు వెంటనే పంపబడును. సొమ్ము అచ్చటనే యున్నచో కదలకుండ నిలుపుదల చేయుదురు. ముందునకు పోయినచో ఆ తరువాతి బ్యాంకునకు కబురు పోవును. ఇట్లు సొమ్ము వెంట కబురు పరుగెత్తును. ఈ పరుగుపందెములో కబురు ఎంత ముందుగా బయలుదేరిన, అంత సొమ్ము దక్కును.

1930నకు ఫోను చేయునపుడు ఈ క్రింది వివరములు దగ్గర ఉంచుకొనవలెను:

1. బాధితుని పేరు, ఫోను నంబరు, బ్యాంకు పేరు, ఖాతా సంఖ్య.
2. పోయిన మొత్తము, పోయిన తేది, సమయము.
3. బ్యాంకు సందేశములో కనబడు లావాదేవీ సంఖ్య, యు.పి.ఐ.లో ఇది 12 అంకెలు కలిగియుండును.
4. దొంగ ఫోను నంబరు, యు.పి.ఐ. చిరునామా, వాని సందేశములను చెరిపివేయరాదు.

పిదప బ్యాంకునకు లిఖితపూర్వకముగా తెలియజేసి, పోలీసు స్టేషనులో గాని, హోంశాఖ వారి సైబర్‌క్రైమ్ వెబ్‌సైటులో గాని ఫిర్యాదు నమోదు చేయింపవలెను. బ్యాంకునకు తెలిపిన తేదీకి సాక్ష్యముగా రశీదు పుచ్చుకొనుట మరువరాదు. బ్యాంకు తప్పుగాని, ఖాతాదారుని తప్పుగాని లేక మూడవవారి వలన సొమ్ము పోయినపుడు, మూడు పనిదినములలోపల తెలియజేసిన ఖాతాదారునిపై నష్టభారము పడరాదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6వ తేదీ ఉత్తర్వులో నిర్దేశించినది. ఖాతాదారుడే రహస్యసంఖ్యను చెప్పిన సందర్భమున, తెలియజేయువరకు జరిగిన నష్టము అతనిది. తెలియజేసిన తరువాత జరిగినది బ్యాంకుది అని ఆ ఉత్తర్వులోనే కలదు. ఏ విధముగా చూచినను ఆలస్యము నష్టమునకే దారితీయును.

నిలుపుదల చేసిన సొమ్ము తిరిగి పొందుటకు న్యాయస్థానపు ఉత్తర్వు అవసరము కావచ్చును. తెలంగాణములో 2024లో లోక్ అదాలతుల ద్వారా ఇట్టి సొమ్మును బాధితులకు తిరిగి ఇప్పించిరి. అయితే "రుసుము చెల్లించినచో మీ సొమ్ము తిరిగి ఇప్పించెదము" అని ఫోను చేయువారు కూడ దొంగలే. ఒకసారి మోసపోయిన వానినే రెండవసారి దోచుట వీరి వృత్తి.

ఫోనే పోయినచో

ప్రతి ఫోనునకు 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య ఉండును. ఫోనులో *#06# అని నొక్కినచో అది తెరపై కనబడును. ఫోను చేతిలో ఉండగనే దానిని పుస్తకములో వ్రాసియుంచుకొని, కొన్న బిల్లును భద్రపరచుకొనవలెను. ఫోను పోయినచో మొదట సిమ్ కార్డును, బ్యాంకు సేవలను ఆపించి, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, 2023 మేలో దేశమంతటికి ప్రారంభింపబడిన సంచార్ సాథీ వెబ్‌సైటులో ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను నమోదు చేయవలెను. అప్పుడు ఆ ఫోను దేశములోని ఏ కంపెనీ సిమ్‌తోను పనిచేయదు. ఎవరైన దానిలో సిమ్ పెట్టినచో ఆచూకీ తెలియును. తన పేరిట ఎన్ని సిమ్ కార్డులు ఉన్నవో కూడ ఇచ్చటనే చూచుకొని, తనవి కానివానిని తొలగింపుమని కోరవచ్చును.

ఖాతా అద్దెకిచ్చుట నేరము

దొంగసొమ్ము పరుల ఖాతాలలో తిరుగునని పైన చెప్పితిమి. ఆ ఖాతాలు ఎవరివి? పలుచోట్ల అవి నెలకు కొంత సొమ్ము వచ్చునను ఆశతో పాసుపుస్తకము, ఏ.టి.ఎం. కార్డు, సిమ్ కార్డు అప్పగించిన నిరుద్యోగ యువకులవి, నిరుపేదలవి. దొంగ ఎవరో వారికి తెలియకపోవచ్చును గాని, పోలీసులు మొదట వచ్చునది ఖాతా యజమాని ఇంటికే. తన ఖాతా స్తంభించుటయే గాక, కేసులో ఇరుకుకొనవలసి వచ్చును. ఖాతాను గాని, సిమ్‌ను గాని పరులకు అప్పగింపరాదని యువకులకు గట్టిగా బోధింపవలెను.

పంచాయతీల కర్తవ్యము

మోసపోయినవారికి సొమ్ము పోయిన దుఃఖము కన్న సిగ్గు అధికము. భర్త కోపించునని భార్య, కొడుకులు ఎగతాళి చేయుదురని తండ్రి, చదువుకొనియు మోసపోయితినని ఉపాధ్యాయుడు నోరు మెదపరు. ఆ మౌనములోనే మొదటి గంట గడచిపోవును. కావున మోసపోయిన వానిని నిందింపకుండుట పంచాయతీ సభ్యుల మొదటి ధర్మము. "ఎట్లు నమ్మితివి?" అని అడుగుటకు ముందు 1930నకు ఫోను చేయింపవలెను.

పంచాయతీ కార్యాలయము, పాఠశాల, రేషను దుకాణము, పాలకేంద్రముల గోడలపై 1930 సంఖ్యను పెద్ద అక్షరములతో వ్రాయింపవచ్చును. ఇందుకు ఖర్చు అత్యల్పము. గ్రామసభలో పావుగంట కాలము దీనికి కేటాయించి, బ్యాంకు ఉద్యోగిని గాని, పోలీసు అధికారిని గాని పిలిపించి చెప్పింపవచ్చును. స్వయంసహాయక సంఘముల సమావేశములలో, స్త్రీలు తమ ఫోనులలోనే పిన్, ఓ.టి.పి.ల తేడా తెలిసికొనునట్లు చేయవచ్చును. ప్రతి వార్డులో ఫోను వాడుక బాగుగ తెలిసిన ఒక యువకుని, ఒక యువతిని ఎంచి, ఆపద వచ్చినపుడు ఎవరి తలుపు తట్టవలెనో అందరికి తెలియజేయవచ్చును. వీరు ఫిర్యాదు చేయుటలో తోడ్పడవలెనే గాని, ఎవరి పిన్‌ను అడుగరాదు.

చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట కన్న ముందు జాగ్రత్త మేలు. పంట ఇంటికి వచ్చి ధాన్యపు సొమ్ము ఖాతాలలో పడు దినములలో ఇట్టి ప్రచారము మరింత అవసరము. రైతు ఆరుగాలము శ్రమించి ఆర్జించిన సొమ్ము ఒక్క ఫోను పిలుపుతో అన్యులపాలు కాకుండ కాపాడుటలో పంచాయతీ సభ్యులు ముందుండి, తమ గ్రామమును ఇతర గ్రామములకు ఆదర్శముగా తీర్చిదిద్దుదురని ఆశించుచున్నాము.