వన్స్ మోర్ వినబడని చోట

మన పద్యనాటకమునకు దగ్గరి చుట్టము పాశ్చాత్యుల ఆపెరా. అచ్చటను కథకంటె కంఠమే ప్రధానము. ఆ కంఠమును ఎగతాళి చేసిన చిత్రమొకటి, యంత్రమున బంధింపజూచిన చిత్రమొకటి ప్రసిద్ధములు. 1935 నాటి 'ఎ నైట్ ఎట్ ది ఆపెరా'లో మార్క్స్ సోదరులు వెర్డీ రచించిన 'ఇల్ ట్రొవటోరే' ప్రదర్శనమును అల్లకల్లోలము చేయుదురు. 1981 నాటి ఫ్రెంచి చిత్రము 'దివా'లోని గాయని తన పాటను రికార్డు చేయుటకు ససేమిరా ఒప్పుకొనదు. తపాలా యువకుడొకడు దానిని రహస్యముగా టేపునకు ఎక్కించుకొనును.

ఆమె పట్టుదల మాకు వింతగా తోచలేదు. కొన్నేండ్ల క్రిందట ఉదయగిరి ప్రాంతమున, పూర్వము కృష్ణవేషము కట్టిన వృద్ధనటుని పద్యములు రికార్డు చేయబోయితిమి. ఆయన మైకును ఎగాదిగా చూచి, "ఈడ మనిషే లేకపోతే ఎవురికి పాడేది సామీ?" అనెను. ఇరుగుపొరుగువారు వచ్చి అరుగుపై కూర్చున్నగాని గొంతు విప్పలేదు. రాయబారపు పద్యము ముగియగానే వెనుకనుండి 'వన్స్ మోర్' వినబడెను. రెండవమారు రాగము మొదటిదానికి రెట్టింపు సాగెను. మా యంత్రపు బాటరీ మాత్రము నడుమనే చల్లబడెను.

పాత గ్రామఫోను పలకకు ఒక ప్రక్క పట్టునది సుమారు 3 నిమిషములే. రంగస్థలముపై నటుడు ఊపిరి ఉన్నంతవరకు, సభ కోరినంతవరకు సాగదీసిన రాగము పలకపైకి వచ్చుసరికి కుదించుకొనక తప్పలేదు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ధర్మవరము రామకృష్ణమాచార్యుల నాటకము ఆధారముగా, సురభి నటులతో తయారైనది. నాటకము తెరకెక్కినది గాని, తెరపైని నటునకు వన్స్ మోర్ వినబడదు గదా! అయినను లాభము లేకపోలేదు. స్థానం నరసింహారావుగారు సత్యభామ పాత్రకై తామే వ్రాసి పాడుకొన్న 'మీరజాలగలడా' పాట, 1966 నాటి 'శ్రీకృష్ణ తులాభారము'లో సుశీలగారి గొంతున, జమునగారి అభినయమున, ఆయన నాటకము నెన్నడును చూడనివారి యిండ్లకు చేరినది.

ఇక పరిహాసము. 1977 నాటి 'యమగోల' యమలోకములోనికి సమ్మెలను, నినాదములను దింపినది. కైకాల సత్యనారాయణగారి యముడు రంగస్థలపు రాజసముతోనే గర్జించును. నవ్వు పుట్టునది అందువలననే. ఆ గర్జన అదివరకు చెవిని పడనివారికి సగము హాస్యము అందదని మా అనుమానము.

ఉదయగిరి అరుగుపైనను ఇదే జరిగినది. బాటరీ పోయిన పిదప బడిపిల్లవాడొకడు లేచి, రాని ఆత్మకూరు బస్సును గూర్చి అదే కృష్ణుని రాగమున పద్యము అందుకొనెను. అందరును పకపక నవ్విరి. పెద్దాయన నవ్వలేదు, కోపపడనూ లేదు. హార్మోనియముపై శ్రుతి నొక్కిపట్టి, "నవ్విస్తే నవ్వించు గానీ శ్రుతి తప్పబాకరా అబ్బయా" అని, ఆ బస్సు పద్యమునే వానిచేత మరల పాడించెను.

అది మా రికార్డులో లేదు.