ఆటకు కాపలాదారు

జాతరలో రంగులరాట్నం తిరుగుతున్నప్పుడు మన చూపు పైకి లేచే కొయ్యగుర్రం మీద నిలుస్తుంది. దానిని చేతితో త్రిప్పుతూ, ఏ పిల్లవాడు పట్టు వదలుతున్నాడో ఓరకంట కనిపెడుతూ ప్రక్కన నిలిచిన మనిషి మీదికి పోదు. రాట్నం ఆగిన తరువాత పిల్లవాని చంకల క్రింద చేతులు వేసి నేలమీద దించేవాడు అతడే. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడైన పిమ్మట గుర్రం రంగు జ్ఞాపకం ఉంటుంది గాని ఆ మనిషి ముఖం జ్ఞాపకం ఉండదు.

ఈనాడు హైదరాబాదు నగరానికి పడమట, హైటెక్ సిటీ పరిసరాలలో, కొయ్యగుర్రాల స్థానంలో గో-కార్టు వచ్చినది. చీకటి గదిలో వెలుగు తుపాకులతో ఆడే లేజరు ఆట వచ్చినది. యంత్రం మారినది, రుసుము పెరిగినది. కాని పిల్లవానిని క్షేమంగా దించే మనిషి అవసరం మాత్రం మారలేదు. అటువంటి మనిషిని ఎట్లా ఎన్నుకొనవలెనన్నదే ఇక్కడ ఆలోచింపదలచిన విషయం.

ముందు ఆ నేల సంగతి రెండు మాటలు చెప్పుకొనవలసి ఉన్నది. మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు ఒకప్పుడు రాతిగుట్టల నడుమ ఉన్న చిన్న గ్రామాలు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. 2002లో జాతీయ క్రీడలు హైదరాబాదులో జరిగినప్పుడు గచ్చిబౌలి క్రీడాప్రాంగణం వెలుగులోకి వచ్చినది. 2020 సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. ముందు పని వచ్చినది. పనికోసం మనుషులు వచ్చారు. వారికి సంసారాలు ఏర్పడినవి, పిల్లలు కలిగారు. అప్పుడు ఆదివారం అనే సమస్య వచ్చినది! పెరడు లేని ఇంట, వీధి అరుగు లేని వీధిలో పెరుగుతున్న పిల్లవానిని సెలవునాడు ఎక్కడికి తీసుకొనిపోవలెను?

పూర్వపు హైదరాబాదులో ఈ ప్రశ్నకు ఏటికి ఒకమారు సమాధానం దొరికేది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ తరువాత నాంపల్లి మైదానానికి మారి నేటికీ జనవరి మాసంలో జరుగుతూనే ఉన్నది. అక్కడ గుండ్రని చెక్కగోడల మీద మోటారు సైకిలు నడిపే మృత్యుకూపాన్ని గుండె చిక్కబట్టుకొని చూచినవారు నగరంలో వేలకొలది. అయితే అది చూచే వినోదం. నడిపేవాడు వేరు, ప్రేక్షకుడు వేరు. కొత్త వినోదంలో ఈ తేడా పోయినది. రుసుము చెల్లించినవాడే నడుపుతాడు. 2016లో రావిర్యాల వద్ద వండర్‌లా వంటి పెద్ద ఉద్యానం వెలసినది. కొంపల్లి, శంషాబాదు వైపుల కార్టు బాటలు ఏర్పడినవి. ఐటీ వాడలోని అంగడి సముదాయాలలో పై అంతస్తులు ఆటశాలలైనవి.

గో-కార్టు చరిత్ర పెద్దది కాదు. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, గ్లెండేల్ పట్టణాన, పందెపు కార్లు తయారుచేసే కార్ఖానాలో పనిచేసే ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన ఇనుప గొట్టాలను అతికి, గడ్డికోత యంత్రాలకై చేయగా మిగిలిపోయిన చిన్న ఇంజనును బిగించి, నేలకు జానెడు ఎత్తున కూర్చుండి నడిపే బండి ఒకటి చేశాడు. 1962 నాటికే ఈ క్రీడకు అంతర్జాతీయ సంఘం ఏర్పడినది. బ్రెజిల్ దేశపు పందెగాడు అయర్టన్ సెన్నాకు నాలుగేండ్ల వయసున తండ్రి చేసి ఇచ్చిన మొదటి బండికీ గడ్డికోత యంత్రపు ఇంజనే ఉండినది. ఏడుమార్లు ప్రపంచ విజేత అయిన మైకేల్ షూమాకర్ కథ మనకు మరింత దగ్గరగా ఉంటుంది. జర్మనీలోని కెర్పెన్ పట్టణంలో ఆతని తండ్రి కార్టు బాటను చూచుకొనేవాడు. తల్లి అక్కడి ఫలహారశాలలో పనిచేసేది. లోకం కుమారుని ఎరుగును. ఆ కుమారుడు నేర్చుకొన్న బాటను శుభ్రంగా ఉంచినవారిని అంతగా ఎరుగదు.

హైదరాబాదుకు సైతం పందెపు రుచి తెలియకపోలేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర తీరాన విద్యుత్తుతో నడిచే ఫార్ములా-ఇ కార్ల పందెం జరిగినది. భారతదేశంలో ఆ పందెం జరగడం అదే మొదటిసారి. నాడు బాట ప్రక్కన జెండాలు చేతబట్టి నిలిచినవారు లేకుంటే ఒక్క కారైనా కదిలేది కాదు.

ఇక యంత్రపు మర్మం చూడండి. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవవలెను. అందుకై కారులో డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక ఉంటుంది. కార్టులో అది లేదు. వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటవి. కావున మలుపులో లోపలి చక్రం కొంచెం పైకి లేవడమో, జారడమో తప్పదు. కుదుపు తగ్గించే స్ప్రింగులూ లేవు. చట్రమే కొద్దిగా వంగుతుంది. ఈ సరళతయే దాని అందం. ఈ సరళతలోనే అపాయం ఉన్నది. నడిపేవాని వీపు వెనుక ఆ ఇరుసు వేగంగా తిరుగుతూ ఉంటుంది. చున్నీ అంచో, విడిచిన జడో దానికి అందితే లాగివేయడానికి రెప్పపాటు చాలును.

వేగం సంగతి తరగతిలో నల్లబల్ల మీద వేసి చూపదగిన లెక్క. గంటకు 36 కిలోమీటర్లు మన రోడ్ల మీద పెద్ద వేగం కాదు. కాని అది సెకనుకు సరిగా 10 మీటర్లు. బాట ప్రక్కన నిలిచిన కాపలాదారు చేతిలోని ఫోను వైపు 3 సెకన్లు చూచినాడనుకొందాం. ఆ మూడు సెకన్లలో కార్టు 30 మీటర్లు నడిచినది. ముందు తిరగబడిన బండి ఉన్నదని పసుపు జెండా ఎత్తవలసిన క్షణం అందులోనే గడచిపోయినది.

లేజరు ఆటకు మరొక చరిత్ర. 1917లో ఐన్‌స్టీన్ సూచించిన సిద్ధాంతం ఆధారంగా, 1960 మే 16న థియోడర్ మైమన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు కెంపు స్ఫటికం నుండి మొదటి లేజరు కిరణాన్ని వెలువరించాడు. 1984లో జార్జి కార్టర్ అనే ఆయన అమెరికాలోని డల్లాస్ నగరంలో వెలుగు తుపాకుల ఆటశాలను తెరిచాడు. విద్యార్థులు గమనింపదగిన విశేషమేమనగా, ఈ ఆటలో ‘దెబ్బ’ తగిలించేది సాధారణంగా లేజరు కానే కాదు. మన ఇంటిలో టెలివిజను రిమోటు పంపే పరారుణ కిరణం వంటిదే తుపాకి నుండి వెలువడుతుంది. రొమ్ముకవచం మీది గ్రాహకాలు దానిని పసికడతవి. కంటికి కనబడే ఎర్రని గీత అలంకారం మాత్రమే. కిరణం వలన గాయం కాదు. చీకటిలో పరుగెత్తి గోడకో, మరొక పిల్లవానికో కొట్టుకొనడం వలన అవుతుంది. మెరిసి మెరిసి ఆరే దీపాల వలన మూర్ఛవ్యాధి ఉన్న కొందరికి ఫిట్సు రావచ్చును. ఈ మాట ఆటకు ముందే అడిగి తెలుసుకొనవలసినవాడు ద్వారం వద్ద నిలిచిన ఉద్యోగి.

ఇవన్నీ ఊహించి వ్రాసిన భయాలు కావు. 2020 అక్టోబరులో నగర శివారున గుర్రంగూడ వద్ద ఒక కార్టు బాట మీద, జుట్టు చక్రంలో చిక్కుకొని ఇంజనీరింగు చదువుతున్న ఒక యువతి మరణించినది. 2024 మే 25న గుజరాతులోని రాజకోటలో ఒక ఆటకేంద్రం తగులబడి పాతికమందికి పైగా మరణించారు. మృతులలో చిన్నపిల్లలున్నారు, అక్కడ పనిచేసేవారూ ఉన్నారు. ఈ రెండవ మాటను మనం త్వరగా మరచిపోతాము. ఆటశాలకు నిప్పంటుకొన్నప్పుడు పిల్లవాడూ, ఆ పిల్లవానికి బెల్టు బిగించిన కుర్రవాడూ ఒకే కప్పు క్రింద ఉంటారు.

ఇప్పుడు నియామకం మాటకు వద్దాం. ఇటువంటి కేంద్రంలో కావలసినవారు పలువురు: రుసుము తీసుకొనేవారు, హెల్మెట్ తొడిగి నియమాలు చెప్పేవారు, బాట ప్రక్కన జెండాలతో నిలిచేవారు, బ్రేకులూ గొలుసులూ పరీక్షించే మెకానిక్కులు, పుట్టినరోజు వేడుకలు నడిపించేవారు. మెకానిక్కు పనికి ఐటీఐ చదువు పనికి వస్తుంది. తక్కిన పనులకు జిల్లాల నుండి వచ్చి నగరంలో గదులలో సర్దుకొని ఉండే యువకులు, యువతులు చేరుతూ ఉంటారు. లోకానికి ఏది సెలవుదినమో వారికి అదే గట్టి పనిదినం. దసరా, సంక్రాంతి, ఆదివారం — అందరూ ఆడుకొనేనాడు వారు నిలబడవలెను.

చేర్చుకొనేటప్పుడు యజమానులు సాధారణంగా చూచేది ఏమిటి? నవ్వు ముఖం, నాలుగు ఇంగ్లీషు ముక్కలు, చురుకుదనం. ఇవి కావలసినవే, కాదనలేము. కాని వీటన్నిటికన్న ముందు చూడవలసిన గుణం ఒకటి ఉన్నది. అది ‘వద్దు’ అనగలిగే శక్తి.

ఒక దృశ్యం ఊహించండి. పెద్ద సంస్థలో ఉద్యోగం చేసే పదిమంది సహోద్యోగులతో కలిసి వచ్చారు. అందులో ఒకరు జుట్టు ముడివేసుకొనడానికి ఇష్టపడరు. హెల్మెట్ పట్టీ బిగిస్తే ఊపిరాడదంటారు. ‘డబ్బు మాది, సరదా మాది, మధ్య నీకేమి?’ అని అడుగుతారు. ఎదుట నిలిచినవాడు ఇరవై ఏండ్ల కుర్రవాడు. ఆతని నెల జీతం కన్న ఆ బృందం ఆనాటి ఖర్చే ఎక్కువ కావచ్చును. అతడు నవ్వు చెరగనీయక, గొంతు పెంచక, ‘అమ్మా, జడ ముడివేసుకొంటేనే బండి కదులుతుంది’ అనవలెను. అనగలడా? అన్న తరువాత ఫిర్యాదు వస్తే యజమాని ఎవరి ప్రక్క నిలుస్తాడు?

నియామకంలోని అసలు పరీక్ష ఇదే. ఇది ఉద్యోగికి ఎంత పరీక్షయో యజమానికీ అంతే. ఉద్యోగికి బాధ్యత ఇచ్చి అధికారం ఇవ్వకపోవడం అన్యాయం. చేరిన మొదటినాడే ‘నీవు ఆపిన బండిని నేను కదలనీయను’ అన్న మాట యజమాని నోట వినవలెను. ఖాళీ బండ్లతో కొన్నాళ్లు శిక్షణ ఇవ్వవలెను. నిప్పు ఆర్పే గొట్టం ఎక్కడున్నదో, అత్యవసర ద్వారం ఎటు తెరుచుకొంటుందో కన్ను మూసుకొని చెప్పగలిగేవరకు నేర్పవలెను. అలసిన కన్ను కాపలా కాయలేదు గనుక నడుమ విశ్రాంతి ఇవ్వవలెను.

వయసు మాట కూడా చెప్పవలసి ఉన్నది. ఇతరుల పిల్లలను ఆడించే చోట మరొకరి పిల్లవాడు కూలివాడుగా నిలువరాదు. 2006 అక్టోబరు నుండి వినోదకేంద్రాలలో 14 ఏండ్లలోపు పిల్లలచేత పని చేయించడం నిషిద్ధమైనది. 2016 నాటి సవరణతో ఆ నిషేధం దాదాపు అన్ని పనులకూ విస్తరించినది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పిల్లలను విహారానికి తీసుకొనిపోయేటప్పుడు తలసరి రుసుము ఎంత అని అడుగుతాము. దానికి ముందు మరి నాలుగు ప్రశ్నలు అడుగుదాము. బాట ప్రక్కన ఎందరు నిలుస్తారు? వారికి ఎవరు నేర్పారు? బ్రేకులు చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? బయటపడే ద్వారాలు ఎన్ని? ఈ ప్రశ్నలు విన్న యజమాని విసుగుకొంటే వెనుదిరిగి రావడమే మేలు. సంతోషంగా చూపితే పిల్లలను నిశ్చింతగా ఆడనీయవచ్చును.

విద్యార్థులకూ ఒక మాట. మీరు బెల్టు సరిచూచుకొనే లోపలే మరొకరి చేయి వచ్చి దానిని లాగి చూస్తుంది. ఆ చేయి మీ అన్న వయసువానిదే అయి ఉంటుంది. రేపు మీలో ఒకరిదీ కావచ్చును. అతడు జడ ముడివేసుకొమ్మంటే వేసుకొనండి, ఆగుమంటే ఆగండి. ఆట ముగిసిన తరువాత మీ గెలుపు లెక్క చూచుకొనే ముందు ఒకమారు వెనుదిరిగి ఆయన ముఖం చూడండి. రంగులరాట్నం నాడు మేము మరచిన ముఖం అది.