మత్తులో ఉన్న రోగికి కాపలా

శస్త్రచికిత్స జరుగుతున్నంతసేపూ రోగి నోరు విప్పలేడు. ఊపిరి ఆడటం లేదని కూడా చెప్పుకోలేడు. అతణ్ణి కనిపెట్టి ఉండవలసినవాడు మత్తు డాక్టరు. మరి ఆయన దేన్ని కనిపెట్టి ఉండాలి? నాడినా, ఊపిరినా? ఒకప్పుడు ఈ ప్రశ్నకు జవాబు కోసం ప్రపంచ వైద్యులు మన హైదరాబాదు వైపు చూశారని మీకు తెలుసా?

1847లో ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ రోగులకు క్లోరోఫాం ఇవ్వడం మొదలుపెట్టాడు. ఈ ద్రవాన్ని గుడ్డమీద చల్లి వాసన చూపిస్తే రోగికి స్పృహ పోతుంది. కాని 1848 జనవరిలోనే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక కాలిగోరు తీయించుకోబోయి, క్లోరోఫాం పీల్చిన కొద్ది నిమిషాలకే మరణించింది. తరువాత అలాంటి మరణాలు మరికొన్ని జరిగాయి. ముందు గుండె ఆగిందని కొందరు, ఊపిరి ఆగిందని కొందరు వాదించారు.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీది రెండో పక్షం. ఊపిరిని గమనిస్తే చాలు, నాడితో పనిలేదని ఆయన నమ్మకం. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ అండతో 1888లో క్లోరోఫాం కమిషన్ ఏర్పడి, కుక్కలపై ప్రయోగాలు చేసింది. లండన్‌లోని 'లాన్సెట్' పత్రిక ఆ ఫలితాలను సందేహించింది. అప్పుడు నిజాం 1000 పౌన్లు ఇవ్వగా, 1889లో లాడర్ బ్రంటన్ అనే శాస్త్రజ్ఞుడు ఇక్కడికి వచ్చాడు. ఈసారి 400కు పైగా జంతువులపై పరీక్షలు జరిగాయి. ముందు ఆగేది ఎప్పుడూ ఊపిరే అని రెండో కమిషన్ కూడా తేల్చింది. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్జీ క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరు ఆమేనంటారు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలు చేశాడు. క్లోరోఫాం మత్తు పలచగా ఉన్నప్పుడు రక్తంలో ఎడ్రినలిన్ పెరిగితే, గుండె లయ తప్పి గడగడ వణికి ఆగిపోతుందని చూపాడు. భయపడినప్పుడు మన శరీరంలో ఊరే పదార్థమే ఎడ్రినలిన్! మోతాదు మించితే ఊపిరి ముందుగా ఆగుతుందన్నది నిజమే. 'ఎప్పుడూ' అన్న ఒక్క మాటలోనే పొరపాటు ఉంది.

అందుకే నేడు రెండింటినీ కనిపెడతారు. 1974లో జపాన్ ఇంజనీరు టకువో అయోయాగి చూపిన సూత్రంతో పనిచేసే పల్స్ ఆక్సీమీటరు, వేలికి తగిలిస్తే చాలు, నాడినీ రక్తంలోని ఆక్సిజన్‌నూ చూపుతుంది. క్యాప్నోగ్రాఫ్ ప్రతి నిశ్వాసలోని కార్బన్ డయాక్సైడును కొలుస్తుంది.

శరీరానికి యంత్రాలు కాపలా కాస్తాయి, సరే. మరి రోగి ఇష్టానికి? ఒక మహిళకు పరీక్ష కోసమని మత్తు ఇచ్చి, ఆ మత్తులో ఉండగానే తల్లిని అడిగి లోపలి అవయవాలు తొలగించారు. ఆమె ప్రాణానికి అప్పటికప్పుడు అపాయం లేదు కనుక ఆ అనుమతి చెల్లదని 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే రోగిని అడగవలసింది మెలకువగా ఉన్నప్పుడే, అతనికి అర్థమయ్యే మాటల్లోనే.

పుప్పాలగూడ దగ్గరి అద్దాల ఆసుపత్రిలోనైనా, కోఠీలోని పాత ఆసుపత్రిలోనైనా పద్ధతి ఇదే. మీ వయసు వారికి తల్లిదండ్రులు సంతకం చేస్తారు. అయినా మత్తు ఎలా ఇస్తారు, ఏ ఇబ్బందులు రావచ్చు అని మీరూ అడగండి. "ఏమైనా తిన్నావా?" అని డాక్టరు అడిగితే మాత్రం దాచకండి. మత్తులో కడుపులోని ఆహారం పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. మీరు నిజం చెబితేనే ఆ కాపలా గట్టిగా సాగుతుంది.