డేటాలాగర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య తీగ

2010 జూన్ 16న వానకి సింగపూర్ ఆర్చర్డ్ రోడ్డు నీట మునిగింది. అలాంటి వానలో ప్రతి నిమిషం లెక్కా విలువైనదే.

నేనొకసారి మేడ మీద వానమాపకానికి డేటాలాగర్ తగిలించి, కింద గదిలోని కంప్యూటర్‌కు 60 మీటర్ల సీరియల్ కేబుల్ లాగాను. తెర నిండా పిచ్చి గుర్తులే! తప్పు నాదే. ఆర్‌ఎస్-232 కేబుల్‌ని సుమారు 15 మీటర్ల దాకానే నమ్మొచ్చు. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ మసకబారుతుంది, దారిలో రొద చేరుతుంది.

దీనికి మందు షార్ట్ హాల్ మోడెమ్‌ల జత. లాగర్ దగ్గర ఒకటి, కంప్యూటర్ దగ్గర ఒకటి, మధ్యలో మెలివేసిన రెండు జతల తీగ. ఫోన్ లైను అక్కర్లేదు. వేగం తగ్గించుకుంటే కొన్ని కిలోమీటర్లు కూడా పనిచేస్తుంది.

మూడు సంగతులు మరిచిపోకండి. ఒక చివర పంపే జత, రెండో చివర అందుకునే జతకు కలవాలి. లాగర్‌లోనూ కంప్యూటర్‌లోనూ బాడ్ రేటు ఒకటే ఉండాలి. సింగపూర్‌లో పిడుగులెక్కువ కనుక రెండు చివరలా సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, ఎర్త్ చెయ్యాలి.

ఇంతకీ ఆ రాత్రి లెక్క పోలేదండోయ్! లాగర్ తన మెమరీలో దాచుకుంది. మర్నాడు ల్యాప్‌టాప్ మేడ మీదికి మోసుకెళ్ళి, చిన్న కేబుల్‌తో దించుకున్నాను. కానీ ఆ మెమరీ నిండితే చాలా లాగర్లు పాత లెక్కల మీదే కొత్తవి రాసేస్తాయి. అందుకే తెగిన తీగని రేపటికి వాయిదా వెయ్యకూడదు.