గళ్ళ నుడికట్టు: ఒక అరకు పజిల్ పూరణ, వివరణ

ఈ పాఠంలో మీరు ఒక చిన్న గళ్ళ నుడికట్టును పూరిస్తారు. దినపత్రికలో రోజూ వచ్చే ఈ పదవినోదాన్ని చాలామంది కాలక్షేపంగానే చూస్తారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఇక్కడ మనం దానిని మాటలను పరిశీలించే పనిముట్టుగా వాడుకుంటున్నాం. పెన్సిలు, రబ్బరు దగ్గర పెట్టుకోండి. పెన్నుతో పూరించేవారి ధైర్యాన్ని నేను మెచ్చుకుంటాను గాని, ఈ పజిల్‌లో కనీసం ఒక గడిని చెరపవలసి వస్తుందని ముందే చెబుతున్నాను.

ఈ ఆట మనకు బయటి నుంచి వచ్చింది. 1913 డిసెంబరు 21న ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో వజ్రాకారంలో ఒక పజిల్ ప్రచురించాడు. నేటి క్రాస్‌వర్డ్‌కు అదే మొదలని చెబుతారు. లండన్ ‘టైమ్స్’ పత్రిక 1930లో దీనిని ప్రారంభించింది. తెలుగులో ఈ ఆటకు సాహిత్య గౌరవం తెచ్చినవారిలో విశాఖపట్నంలో పుట్టిన ఆరుద్ర (1925–1998) ముఖ్యులు. ‘గళ్ళ నుడికట్టు’ అనే చక్కని పేరు వింటే పాత పాఠకులకు ఆయనే గుర్తుకొస్తారు. చరిత్ర మనకు ఇంతవరకు చాలు.

గడిలో ఏం పడుతుంది?

ఇంగ్లీషు పజిల్‌లో ఒక గడికి ఒక అక్షరం. అక్కడ ఉన్నవి మొత్తం 26. తెలుగులో గడికి పట్టేది వర్ణం కాదు, పలుకు. గుణింతం, వత్తు, సున్న అన్నీ కలిసి ఒకే గడిలో కూర్చుంటాయి. ‘స్త్రీ’ అన్నది ఒక గడి. ‘సంత’ రెండు గడులు. హల్లులను 35గా లెక్కపెట్టి ఒక్కొక్కదానికి 12 గుణింత రూపాలు వేసుకున్నా 420 అవుతాయి. వత్తులు ఇంకా చేరనే లేదు.

దీనివల్ల కూర్చేవారికి కష్టం, పూరించేవారికి లాభం. అడ్డం మాటా నిలువు మాటా ఒక గడిలో కలవాలంటే రెండింటిలోనూ అచ్చంగా అదే పలుకు ఉండాలి. ‘రి’ ఉన్నచోట ‘ర’ కుదరదు, ‘రీ’ కూడా కుదరదు. కాబట్టి కూర్చేవారు నల్లగళ్ళు ఎక్కువ వాడక తప్పదు. అదే సమయంలో, ఒక్క గడి తెలిసిందంటే దాన్ని దాటిపోయే రెండో మాట సగం తెలిసినట్టే.

ఈ పజిల్‌కు నేను ‘కాఫీ’తో మొదలుపెట్టాను. అరకు అనగానే ఎవరికైనా అదే కదా గుర్తొచ్చేది. అయితే ‘ఫీ’తో మొదలయ్యే మాట కావలసి వచ్చి ఎంత వెతికినా ‘ఫీజు’ తప్ప దొరకలేదు. విద్యార్థుల ముందు ఆ మాట ఎత్తడం ఇష్టంలేక కాఫీనే వదులుకున్నాను.

పజిల్

ఒక విషయాన్ని ఎంచుకొని దాని చుట్టూ మాటలు అల్లినదాన్ని ఇతివృత్త పజిల్ అంటాం. అన్ని మాటలూ ఆ విషయానికి చెందినవే ఉండాలని లేదు. నాలుగైదు మూల పదాలు కుదిరితే మిగిలినవి వాటిని కలిపే పూరక పదాలు. కింది పజిల్ ఇతివృత్తం అరకు కొండలు. అంకె ఉన్న గడి కూడా ఖాళీ గడే.

■ ■ 1 2
3 4 ■ □
5 □ 6 □
■ ■ □ ■
7 □ □ ■

అడ్డం
1. అరకు వచ్చిన పర్యాటకుల కోసం ఆడే నాట్యం (2)
3. ఆదివారం ___ అసైన్‌మెంట్ అప్పగించాలి (2)
5. చలికాలంలో కొండవాలుకు పసుపు పూసే నూనెగింజలు (4)
7. దూరంగా ఉన్నా మీరు మానకుండా చేస్తున్నది (3)

నిలువు
2. వేదాన్ని బహువచనం చేస్తే కొండపొలంలో ధాన్యం (3)
3. రెండు కొండల నడుమ చోటు (2)
4. పువ్వు మొదట్లో, జాలి చివర్లో. జాలి లేని మృగం (2)
6. బడికి పోనక్కరలేదు, పోతూ చెప్పే మాట కూడా ఇదే (3)

ఇక్కడ ఆగి కనీసం పావుగంట ప్రయత్నించండి. తరువాతే కిందికి చదవండి.

ఎక్కడ మొదలుపెట్టాలి?

1 అడ్డంతోనే మొదలుపెట్టాలన్న నియమం లేదు. లోకజ్ఞానంతో పనిలేకుండా, జవాబు తనలోనే దాచుకున్న ఆధారాన్ని ముందు పట్టుకోండి. 4 నిలువు అలాంటిది. ‘పువ్వు’లో మొదటి పలుకు ‘పు’, ‘జాలి’లో చివరి పలుకు ‘లి’. కలిపితే ‘పులి’. ఆధారంలో రెండో సగం ఆ జవాబుకు నిర్వచనం. గూఢమైన ఆధారాలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి: ఒకవైపు అర్థం, ఇంకోవైపు మాట తయారీ. రెండూ ఒకే జవాబుకు చేరితే సందేహం అక్కరలేదు. ‘తల తిప్పితే తీగ’ అన్నారనుకోండి. ‘తల’ను వెనకనుంచి చదివితే ‘లత’ వస్తుంది. పత్రికల్లో ‘తిరగబడిన’, ‘చెదిరిన’, ‘తోక తెగిన’ వంటి మాటలు కనిపిస్తే వాటికి అర్థం వెతకకండి. అవి మీరు చేయవలసిన పనిని చెబుతున్నాయి.

‘పు’ తెలిసింది కనుక 3 అడ్డం ‘లోపు’. 2 నిలువులో వేదం ‘సామ’. బహువచనం చేస్తే ‘సామలు’, అన్నంగా వండుకునే చిరుధాన్యం. తెలుగు బహువచనాలు ఎక్కువగా ‘లు’తో ముగుస్తాయి. ‘లు’తో మొదలయ్యే మాటలు మాత్రం బహు కొద్ది. అందుకే పజిల్ కూర్చేవారు బహువచనాలను కుడి అంచుకో, కింది అంచుకో నెడతారు. ఈ రహస్యం తెలిస్తే అంచు గడులలో ‘లు’ను పెన్సిలుతో ఊహించి పెట్టుకోవచ్చు.

ఇక 3 నిలువు. మొదటి పలుకు ‘లో’. రెండు కొండల నడుమ చోటు. మీరేం రాశారు? ‘లోయ’ అనే కదా!

ఇప్పుడు 5 అడ్డం చూడండి. ‘య, లి, ఖాళీ, లు’. ‘యలి’తో మొదలయ్యే మాట తెలుగులో తట్టదు. నూనెగింజలని చెప్పారు కనుక కొందరు ‘వెర్రినువ్వులు’ అనుకుంటారు. మొక్క సరైనదే గాని, అది అయిదు గడుల మాట. అదే గింజలకు ఉత్తరాంధ్రలో వాడుకగా ఉన్న పేరు ‘వలిసెలు’. వ, లి, సె, లు. నాలుగూ సరిపోయాయి. అంటే 3 నిలువులో చివరి గడి ‘య’ కాదు, ‘వ’. జవాబు ‘లోవ’.

చెరపవలసిన గడి అదే. ‘లోవ’ అచ్చు తప్పు కాదు. లోయకు ఉన్న పాత మాట, నిఘంటువుల్లోనూ ఉంది. తుని దగ్గర తలుపులమ్మ అమ్మవారి క్షేత్రాన్ని జనం ‘తలుపులమ్మ లోవ’ అనే అంటారు. పాఠ్యపుస్తకాలలో ‘లోయ’ స్థిరపడడంతో ‘లోవ’ ఊరి పేరుగా మాత్రమే చెవిన పడుతోంది. ఇలాంటి మాటలపై ఆసక్తి ఉన్నవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ పదాల మాండలిక వృత్తిపదకోశాన్ని గ్రంథాలయంలో అడిగి చూడండి.

మిగిలినవి త్వరగా తేలిపోతాయి. ‘సె’తో మొదలై రెండు అర్థాలున్నది ‘సెలవు’. దాని ‘వు’తో ముగిసేది ‘చదువు’. ‘సా’తో ముగిసే నాట్యం ‘థింసా’.

పూర్తి చేసిన పజిల్ ఇది:

■ ■ థిం సా
లో పు ■ మ
వ లి సె లు
■ ■ ల ■
చ దు వు ■

తప్పు ఆధారం, ఒప్పు జవాబు

ఈ పజిల్‌ను అరకులో ఒక ఆదివారం కాంటాక్ట్ తరగతిలో ఇచ్చాను. మైదానం నుంచి వచ్చినవారు ‘లోయ’ దగ్గర చిక్కుకుపోతే, ఇంటిపొలంలో వలిసెలు కోసిన ఇద్దరు కుర్రవాళ్ళు 5 అడ్డంతోనే మొదలుపెట్టి ఒక్క గడి కూడా చెరపకుండా ముగించారు. నాకు చాలా సంతోషం వేసింది. అంతలో వెనుక వరుసలోంచి ఒక విద్యార్థిని లేచింది.

“సార్, జవాబు సరిపోయింది. మీ ఆధారమే తప్పు.”

“ఏదమ్మా?”

“1 అడ్డం. టూరిస్టుల కోసం ఆడేది అన్నారు. మా అక్క పెళ్ళిలో ఆడాం. అక్కడ ఒక్క టూరిస్టూ లేడు సార్.”

తరగతి నవ్వింది. నేనూ నవ్వాను గాని, ఇంటికి వెళ్ళేదాకా ఆ మాట వదల్లేదు. కొండల్లో పెళ్ళికీ, చైత్రంలో వచ్చే ఇటుకల పండుగకీ ఆడుకునే ఆటను నేను హోటలు ముందర చూశాను. చూసినదాన్నే నిర్వచనంగా రాశాను.

ఇందులో పజిల్ నిర్మాణానికి సంబంధించిన ఒక సంగతి ఉంది. జవాబులో తప్పుంటే దాన్ని దాటిపోయే మాట పట్టిస్తుంది. ‘లోయ’ను పట్టించింది వలిసెలే కదా. ఆధారంలో తప్పుంటే పట్టించే గడి ఏదీ లేదు. గళ్ళన్నీ నిండిపోతాయి, అందరూ మార్కులు వేసుకుంటారు, తప్పు అలాగే ఉండిపోతుంది. పైగా ఇతివృత్త పజిల్‌లో ఆధారాలన్నీ కలిసి ఒక ప్రాంతాన్ని పరిచయం చేస్తాయి. అరకు ఎన్నడూ చూడనివారికి ఆ ఒక్క వాక్యమే థింసా.

ఆ మాట రాత విషయంలోనూ ఒక చిక్కుంది. థింసా, ధింసా, దింసా అని మూడు విధాలుగా అచ్చులో కనిపిస్తుంది. కొండ దాటి కోరాపుట్ వైపు వెళితే ‘ఢెంసా’ అంటారు. అందుకే మొదటి గడిని నిలువు మాట ఏదీ దాటకుండా కావాలనే విడిచిపెట్టాను. మీరు ‘ధిం’ అని రాసినా మార్కు తగ్గించను. రూపం స్థిరపడని మాటకు కూర్చేవారు చేయగల న్యాయం అంతే.

అదే తరగతిలో మరొకరు, తమ ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా అనీ, లోయా కాదు, లోవా కాదు, తమకు వేరే మాట ఉందనీ చెప్పారు. ఈ కొండల్లో కువి మాట్లాడేవారూ ఉన్నారు. అరకు పేరు పెట్టుకున్న నా పజిల్‌లో ఆ భాషల మాట ఒక్కటీ లేదు. తెలుగు నుడికట్టుకు అది సహజమైన పరిమితే అనవచ్చు. నేను మాత్రం ‘అరకు పజిల్’ అన్న పేరును ఇప్పుడు కొంచెం బెరుకుగానే వాడుతున్నాను.

1 అడ్డం ఆధారాన్ని ఇలా మార్చాను: ‘పెళ్ళికీ పండుగకీ ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసి, వరుసకట్టి ఆడేది (2)’. మీ ప్రతిలో దిద్దుకోండి.

అభ్యాసం

1. ఈ ఆధారాన్ని విప్పండి: ‘పేరులో ఆవు పొదుగు, దారిలో బొర్రా గుహలు, పారేది ఎవరు? (3)’. ఇందులో నిర్వచనం ఏది, మాట తయారీ ఏది అన్నది విడదీసి రాయండి.

2. ‘సంత’ అనే మాటకు రెండు ఆధారాలు రాయండి. మొదటిది సంతకు సరుకు కొనడానికి వెళ్ళేవారి వైపు నుంచి, రెండోది నెత్తిన బుట్టతో తెల్లవారకముందే కొండ దిగి అమ్మడానికి వచ్చేవారి వైపు నుంచి.

3. ‘డోలీ’ రెండు గడుల మాట. పాత కథల్లో అది పెళ్ళికూతురు ఎక్కేది. రోడ్డు లేని కొండ ఊళ్ళలో గర్భిణిని ఆసుపత్రికి మోసుకొచ్చేది కూడా అదే. ఎనిమిది మాటలు మించకుండా దానికి ఒక ఆధారం రాయండి. రాశాక కొండ ఊరి మనిషికి ఒకరికి చదివి వినిపించి, వారు ఏమన్నారో ఆ కింద రాసి, వచ్చే కాంటాక్ట్ తరగతికి తీసుకురండి.